తిరిగి తీసుకోని తాడు

మా తమ్ముడి ఎడమ పాదానికి మూడు వేళ్లు లేవు. అవి ఎక్కడ పోయాయో, ఎవరి వల్ల పోయాయో నాకు తెలుసు. పోగొట్టిన మనిషికి నేనేం చేశానో ఒంగోలు చుట్టుపక్కల చాలామందికి తెలుసు. కాకపోతే చెప్పేవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కోలా చెబుతారు. శనివారం జరిగిందంటారు. కాదు, ఆదివారం. ఆ పూట నేను చర్చికి వెళ్లలేదు కాబట్టి నాకు పొరబాటు పడే అవకాశం లేదు. జీపు నేనే తోలానంటారు. నాకు సైకిలు తొక్కడం కూడా రాదు. నేను ఆ మనిషిని క్షమించి తాడు వేశానని ఒక పాస్టరుగారు ప్రసంగంలో చెప్పారట. ఆ మాట చెవిన పడ్డాకే ఇది రాయాలనిపించింది. నేను ఎవరినీ క్షమించలేదు.

ముందు పందెం సంగతి చెప్పాలి. తొంభైల చివర మా ఊళ్లకు కేబుల్ టీవీ వచ్చింది. గుంటూరులో మోటారు విడిభాగాల వ్యాపారి ఒకాయన అందులో పరాయి దేశపు ఎడారుల్లో జీపులు, లారీలు రోజుల తరబడి పందెం వేసుకోవడం చూశాడు. రోడ్డు ఉండదు, ఇసుకలో దారి వెతుక్కుంటూ పోవాలి. అది ఆయన మనసులో పడిపోయింది. నలుగురు స్నేహితుల్ని కూడగట్టుకుని మన దగ్గర కూడా అలాంటిది పెట్టాలన్నాడు. మిరపకోతలు ముగింపుకొచ్చి, పత్తి చేలల్లో మోళ్లు మాత్రం మిగిలి, నేలంతా బోడిగా ఉండే రోజుల్లో రెండు రోజుల పందెం. మొదటి రోజు గుంటూరు శివార్ల నుంచి గుండ్లకమ్మ దాటి పొదిలి దాకా. రెండో రోజు పొదిలి నుంచి ఒంగోలు పక్క ఊరి పొలిమేర దాకా. దానికి ఎడారి పందెం అని పేరు పెట్టి గోడల మీద రాయించారు. పొదిలి బస్టాండులో టీ కొట్టాయన ఆ రాత చదివి, "ఎడారి ఎక్కడుందయ్యా ఇక్కడ? మేం కాపరాలు చేస్తన్నాంగా," అన్నాడు. ఆ మాట ఆ ఏడంతా తిరిగింది.

పందెం పద్ధతి తేలికే. తారు రోడ్డు ఎక్కకూడదు, అడ్డంగా దాటొచ్చు అంతే. బండ్లు నడిచే డొంకలు, వాగులు, ఎండిన చెరువులు, చేల గట్లు, వీటి మీదుగానే పోవాలి. జీపుకు ఇద్దరు. ఒకరు తోలాలి, ఒకరు దారి చదవాలి. పొద్దున్నే ఒక కాగితం ఇస్తారు. ఎంత దూరం పోయాక ఎటు తిరగాలో అందులో ఉంటుంది. మొదటి రోజు ఎవరు ఎంత తేడాతో పొదిలి చేరితే, రెండో రోజు అంతే తేడాతో వదులుతారు. కాబట్టి రెండో రోజు గీత ముందు దాటినవాడే గెలిచినట్టు.

మా తమ్ముడికి ఒంగోలులో జీపులు బాగుచేసే షెడ్డు ఉండేది. నాకంటే పన్నెండేళ్లు చిన్నవాడు. అమ్మ పోయాక నేనే పెంచాను. నేను మిషన్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. పెళ్లి చేసుకోలేదు. వాడికి చదువు అబ్బలేదుగానీ ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. ఎడారి పందెం అనగానే వాడు పాత జీపు ఒకటి కొని సొంతంగా తయారుచేసుకున్నాడు. మొదటి రెండేళ్లు మూడో స్థానంలోనో నాలుగో స్థానంలోనో వచ్చాడు. మూడో ఏడు మొదటి రోజు సగం దారిలో వాడే అందరికంటే ముందున్నాడు. అప్పుడు గుండ్లకమ్మ ఇసుకలో జీపు కూరుకుపోయింది.

ఇక్కడ మా వైపు బండ్లవాళ్ల ఆచారం ఒకటి చెప్పకపోతే తరవాతిదేదీ అర్థం కాదు. మా నాన్న బండి తోలేవాడు. బండి మాది కాదు, ఎడ్లు మావి కావు, తోలడం మాత్రం మాది. ఆసాముల పత్తి, మిరపకాయలు గుంటూరు చేర్చేవాడు. నల్లరేగడి డొంకలో బండి దిగబడితే వెనక వచ్చినవాడు దాన్ని దాటి పోకూడదు. ఆగి తన తాడు ఇవ్వాలి. దిగబడినవాడు ఆ తాడు కొస తన చేత్తో తన ఇరుసుకు కట్టుకుని, నోరు తెరిచి, లాగమని అడగాలి. అడక్కుండా లాగరు. లాగాక, లాగిన బండి ముందు, లాగించుకున్న బండి వెనక. తరవాతి ఊరి పొలిమేర దాకా వెనకవాడు ముందుకు రాకూడదు. పొలిమేరలో తాడు విప్పి, లాగినవాడి చేతికి తిరిగి ఇచ్చాక ఎవరి దారి వారిది. తాడు తిరిగి ఇచ్చేదాకా ఆ బండికి ముందుకు వెళ్లే హక్కు లేదు. దీన్ని ఎవరూ రాసుకోలేదు, ఎవరూ తప్పలేదు. ఎద్దుల బండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక కూడా డొంకల్లో ఇదే నడిచింది.

ఆ రోజు ఇసుకలో మా తమ్ముడు ముందు చక్రం పక్కన బోర్లా పడుకుని చేతులతో ఇసుక తోడుతున్నాడు. దారి చదివే స్నేహితుడు తువ్వాలు ఊపి వెనక జీపును ఆపాడు. ఆ జీపు జిన్నింగు మిల్లు ఆసామిది. అప్పటికి నలభై అయిదేళ్లుంటాయి. కొత్త ఇంజను, కొత్త టైర్లు. చుట్టుపక్కల పత్తి సగం వాళ్ల మిల్లుకే పోయేది. వాళ్ల నాన్న కూడా ఒకప్పుడు బండి తోలినవాడే, కాకపోతే సొంత బండి, సొంత ఎడ్లు.

"అన్నా, తాడు వెయ్యండి," అన్నాడు మా తమ్ముడు, పడుకున్న చోటు నుంచే.

"పందెంలో తాడేందిరా? పక్కకి తియ్యి," అన్నాడు అతను.

తియ్యడానికి వీలుంటే తాడెందుకు అడుగుతాడు? ఆ సంగతి అతనికీ తెలుసు. మా జీపుకూ రాళ్ల గట్టుకూ మధ్య ఉన్న సందులోంచి జీపు దూర్చాడు. దాని బంపరు మా జీపును రాసుకుంటూ నెట్టింది. జీపు కదిలి ముందు చక్రం మా తమ్ముడి పాదం మీదకు ఎక్కింది. అరుపు వినబడే ఉంటుంది. అతను ఆగలేదు. ఆ ఏడు కప్పు అతనికే వచ్చింది. మా వాడి స్నేహితుడూ నేనూ వెళ్లి పందెం కమిటీ వాళ్లను అడిగితే, తాడు వెయ్యాలని మా నిబంధనల్లో లేదమ్మా అని నాతోనే చెప్పారు. నిబంధనల కాగితం నేను చదివాను. నిజమే, లేదు.

గుంటూరు ఆసుపత్రిలో వేళ్లు మూడు తీసేశారు. చీలమండ వంగడం మానేసింది. నాలుగో రోజు మిల్లు గుమస్తా బత్తాయిలు తెచ్చాడు. సంచితో సహా తిప్పి పంపాను. మనిషి మాత్రం రాలేదు. తరవాత ఒంగోలులో ఎవరి దగ్గరో అన్న మాట మా దాకా వచ్చింది. "పందెం అంటే పందెం. రేపు నేను ఇరుక్కుంటే వాళ్లు కూడా నన్ను దాటుకుని పోవచ్చు. నేనేం అనుకోను," అన్నాడట.

ఆ మాటే నన్ను పట్టుకుంది. ఒకరికి ఒకరు, చెల్లుకు చెల్లు అని అతను ముందే ఖాయం చేసుకున్నాడు. నా తమ్ముడి కాలికీ ఎప్పుడో ఇరుక్కోబోయే తన జీపుకూ సమానం గుర్తు పెట్టేశాడు. ముప్ఫై ఏళ్లు ఆ గుర్తు ఎక్కడ పెట్టాలో పిల్లలకు నేర్పినదాన్ని. అది తప్పు లెక్క.

మరుసటి ఏడు మళ్లీ పందేనికి వెళతానని తమ్ముడు అన్నప్పుడు నేను వద్దనలేదు. పాదంతో నొక్కలేక క్లచ్ పెడల్ మీద చెక్క దిమ్మె బిగించుకుని, మడమతో తొక్కడం అలవాటు చేసుకున్నాడు. కానీ పక్కన కూర్చోవడానికి ఎవరూ రాలేదు. పాత స్నేహితుడు చేతులు జోడించి దండం పెట్టాడు.

"నేను కూర్చుంటా," అన్నాను.

"అక్కా, నీకు ఆటో ఎక్కితేనే వాంతులు," అన్నాడు తమ్ముడు.

"మాత్ర వేసుకుంటా. తిప్పలేవో నేను పడతా, నువ్వు తోలు."

ఆ చలికాలమంతా ఆదివారం ఆరాధన అవగానే డొంకల్లో తిరిగాం. కళ్లజోడు పడిపోకుండా వెనకాల లంగా నాడా కట్టుకున్నాను. చీర కుచ్చిళ్లు దోపి, తలకు తువ్వాలు చుట్టేదాన్ని. మా పేటలో ఆడవాళ్లు, "టీచరమ్మ రిటైరయ్యి డ్రైవరు ఉద్యోగంలో చేరింది," అని నవ్వుకున్నారు. నవ్వనిచ్చాను. నేను కనిపెట్టిన సంగతి ఒకటుంది. తమ్ముడు పెద్ద టైర్లు వేశాడు కాబట్టి జీపు మీటరు అసలు దూరం కంటే తక్కువ చూపిస్తోంది. మైలురాళ్ల పక్కన నడిపించి ఎంత తేడా వస్తోందో పట్టుకున్నాను. అక్కణ్నుంచి కాగితంలో ఉన్న ప్రతి దూరాన్నీ మా మీటరు భాషలోకి మార్చి చెప్పేదాన్ని. పందెంలో చాలామంది దారి తప్పేది ఇక్కడే. తుమ్మచెట్టు దగ్గర ఎడమకు అని ఉంటుంది. తుమ్మచెట్లు ఎక్కడ లేవు?

మొదటి రోజు గుండ్లకమ్మ దాటేదాకా మేమే ముందున్నాం. ఆ తరవాత మిరప కల్లాలు వచ్చాయి. డొంక పక్కనే ఎకరాల కొద్దీ కాయ ఎర్రగా ఆరబోసి ఉంది. దుమ్ము లేస్తే కాయ రంగు పోతుంది, రైతుకు ధర పోతుంది. తమ్ముడు వేగం తగ్గించాడు. మిల్లు ఆసామి అక్కడే మమ్మల్ని దాటి దుమ్ము లేపుకుంటూ పోయాడు. కల్లం ఆడవాళ్లు లేచి నిలబడి తిట్టారు. పొదిలి చేరేసరికి అతను మా కంటే ఒక్క నిమిషం కూడా ముందు లేడు. మిగతా జీపులు ఎంతో వెనకపడ్డాయి. అంటే మర్నాడు పందెం మా ఇద్దరిదే.

సాయంత్రం అతను మా జీపు దగ్గరకు వచ్చాడు. చేతిలో టీ గ్లాసు.

"ఏమ్మా టీచరమ్మా, నడుం పట్టేసిందా?" అన్నాడు. తరవాత తమ్ముడి వైపు తిరిగి, "ఏరా, కాలు ఎట్టా ఉంది?" అన్నాడు, వానలు ఎలా ఉన్నాయని అడిగినట్టు.

తమ్ముడు స్పానరు మీద నుంచి చూపు ఎత్తలేదు. "అయిదులోంచి మూడు తీసేస్తే రెండు మిగిలినయ్," అన్నాను నేను. "ఆ రెంటితోనే తొక్కుతున్నాడు. ఇవాళ నీ వెనకాల నిమిషం లోపే ఉన్నాడు."

అతను నవ్వి, టీ తాగేసి వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున అతన్ని వదిలారు, వెంటనే మమ్మల్ని వదిలారు. ఎదర అతని దుమ్ము తప్ప ఏమీ కనబడదు. ఆ దుమ్ము నోట్లో ఎర్రమట్టి రుచి వచ్చేది. నాకు రెండుసార్లు వాంతయింది. జీపు ఆపనివ్వలేదు. రాళ్ల గుట్ట దాటాక రెండు డొంకలు విడిపోయే చోట దుమ్ము కుడివైపు పోయింది. నా లెక్క ప్రకారం అసలు మలుపు ఇంకా రాలేదు, దాని తరవాతి డొంకలో కుడికి తిరగాలి.

"అక్కా, వాడు అటు పోయాడు," అన్నాడు తమ్ముడు.

"పోనీ. నువ్వు తిన్నగా పో."

తిన్నగా పోయాం. అసలు మలుపు వచ్చింది. అతను తప్పుదారి తెలుసుకుని చేలకు అడ్డంపడి వచ్చేసరికి మేం ముందున్నాం. ఆ ముందు ఎంతోసేపు నిలవలేదు. తరవాత వచ్చిన ఎండిన చెరువు విశాలంగా, పలకలా ఉంది. అతని ఇంజను ముందు మా ఇంజను సరిపోలేదు. పక్క నుంచి హారను కొడుతూ పోయాడు. మళ్లీ వాగులో రాళ్ల మధ్య మేం దొరకబుచ్చుకున్నాం. మా వాడు రాళ్లలో తోలినట్టు ఎవరూ తోలలేరు. మళ్లీ గట్టెక్కాక అతను ముందు. ఇలా ఎన్నిసార్లు మారామో లెక్క ఉంచాననుకున్నాను, కానీ ఒక చోట తప్పిపోయింది. ఒంగోలు ఇంకా కొంత దూరం ఉందనగా అతను మా ముందు ఒక డొంకలోకి దూరాడు. రెండు వైపులా మనిషెత్తు గట్లు, వాటి మీద ముళ్లకంప. ఎడమ పక్క ఒక్క చోట గట్టు తెగి పత్తిచేలోకి దారి ఉంది. మలుపు తిరిగామో లేదో తమ్ముడు బ్రేకు వేశాడు.

అతని జీపు ఇరుసుల దాకా దిగబడి ఉంది.

పక్క తోట ఒక సాయిబుగారిది. చివరి కోతకని మిరపకు ఆయిలింజనుతో నీళ్లు పెట్టాడు. కాలవ మడవ తెగి నీళ్లు డొంకలోకి వచ్చేశాయి. పైన ఎండ తగిలి పెచ్చు కట్టింది, కింద నల్లరేగడి బంకలా ఉంది. చూడ్డానికి గట్టి నేలే. వేగం మీద వచ్చినవాడికి తెలియదు. వెనక చక్రాలు తిప్పిన కొద్దీ ఇంకా దిగుతున్నాయి. అతని పక్కన దారి చదివే కుర్రాడు మోకాళ్ల దాకా బురదలో ఉన్నాడు.

తమ్ముడు గేరు మార్చాడు. కళ్లు పత్తిచేలోకి ఉన్న దారి మీద ఉన్నాయి. "దేవుడున్నాడక్కా," అన్నాడు.

నిజమే, మోళ్ల మీదుగా చుట్టి పోతే చాలు. ఎదర ఎవరూ లేరు. పందెం మాదే. నేను చెయ్యి స్టీరింగు మీద వేశాను.

"ఆపు. తాడు తియ్యి."

"ఏంది?"

"తాడు తియ్యమంటున్నా."

"అక్కా, నీకు మతి పోయిందా? వీడికా తాడు?" తమ్ముడు నా వైపు తిరిగాడు. "నా కాలు చూడు. ఒకసారి నా కాలు చూడు."

"చూస్తూనే ఉన్నా. మనం దాటుకుని పోతే వాడేమంటాడో తెలుసా? నేనన్నానుగా, చెల్లుకు చెల్లు అంటాడు. జన్మంతా అంటాడు. నాకు చెల్లు అక్కర్లేదు. తాడు తియ్యి."

వాడు నా మొహం చూశాడు. చిన్నప్పటి నుంచీ చూసిన మొహమే. మెల్లగా అర్థమైంది. దిగి, వెనక నుంచి తాడు తీసుకుని, కుంటుకుంటూ వెళ్లి, అతని చేతికి ఇవ్వకుండా అతని ముందు బురద మీద వేశాడు.

ఈలోగా అవతలి మిరపతోటలో కాయ కోస్తున్న ఆడవాళ్లు పదిమంది గట్టెక్కారు. సాయిబుగారు మడవ కట్టుకుని పార భుజాన వేసుకుని వచ్చాడు. నా వల్లే ఇరుక్కున్నావు బాబూ అని నొచ్చుకుంటున్నాడు. అతని మిల్లుకు పత్తి తోలే రైతులు ఇద్దరు కూడా అక్కడికి చేరారు.

ఇక్కడ అతను చేసిన తప్పు ఒకటే. ఆలోచించకుండా తాడు అందుకున్నాడు. పందెం తొందరలో ఉన్నాడు. కాసేపు ఆగి ట్రాక్టరు పిలిపించుకుని ఉంటే నేను చెయ్యగలిగిందేమీ లేదు. వంగి, తన చేత్తో, తన ఇరుసుకు కట్టుకున్నాడు. కట్టి లేచి, "ఊఁ, లాగరా," అన్నాడు తమ్ముడితో.

తమ్ముడు కదల్లేదు. నేను జీపులోంచి దిగలేదు.

"ఎవర్ని అడుగుతున్నావు?" అన్నాను.

"లాగమ్మా, టైమైపోతంది."

"అడిగే పద్ధతి మీ నాన్నకి తెలుసు. నీకు చెప్పలేదా?"

గట్టు మీద ఒక ముసలామె బుట్ట దించి, "అడగయ్యా బాబూ, నోరు అరిగిపోదులే," అంది. ఆడవాళ్లు నవ్వారు. మిల్లుకు పత్తి తోలే రైతుల్లో ఒకడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. అప్పుడు అతనికి తాను ఏం కట్టుకున్నాడో తెలిసింది. మొహంలో అది కనబడింది. చూపు ఇరుసు మీదకు పోయింది, ముడి మీదకు పోయింది. విప్పుకోవడానికి ఇంతమందిలో కుదరదు.

"టీచరుగారూ," అన్నాడు. "లాగండి."

"లాగేది నేను కాదు. జీపు మా తమ్ముడిది."

బురదలో నిలబడ్డ మనిషి తమ్ముడి పాదాల వైపు చూశాడు. ఆ ఎడమ చెప్పు ముందు భాగం ఖాళీగా ఉంటుంది. దాన్ని అతను అంతకు ముందు ఎప్పుడైనా చూశాడో లేదో నాకు తెలియదు.

"లాగండి," అన్నాడు మా తమ్ముడితో. "లాగండి, మేస్త్రీగారూ."

తమ్ముడు ఎక్కి, పత్తిచేలోంచి చుట్టి ముందుకు వచ్చి, తాడు రెండో కొస మా జీపుకు కట్టి లాగాడు. మూడో పట్టుకు జీపు పైకి వచ్చింది. మా కొస మేం విప్పుకున్నాం. అతని కొస అతని ఇరుసుకే ఉంది. మిగతా తాడు చుట్టి కుర్రాడు బానెట్ మీద పెట్టుకున్నాడు. ఇక మేం ముందు, అతను వెనక. పొలిమేర అంటే పందెం గీత గీసిన చోటే. దానికి ముందు మరో ఊరు లేదని నేను కాగితం మీద అప్పటికే చూసుకున్నాను.

తమ్ముడు గాలిలా పోబోయాడు. "తొందర లేదు," అన్నాను.

"అక్కా, పందెం."

"పందెం అయిపోయింది. దుమ్ము తిననీ."

అదే నేను దాచుకోకుండా చెప్పదలచుకున్నది. ఆ దారి పొడవునా నాకు సంతోషంగా ఉంది. తల తిప్పి చూడలేదు. కానీ పక్క అద్దంలో అతని జీపు మా దుమ్ములో మునిగి తేలడం చూస్తూ కూర్చున్నాను. నాకు మళ్లీ వాంతి కాలేదు.

చివర ఒక పెద్ద చెరువు ఉంది, ఎండి నెర్రెలు విచ్చింది. పది జీపులు పక్కపక్కన పట్టే వెడల్పు. అక్కడ అతను మా పక్కకు వచ్చాడు. ముందు చక్రం మా ముందు చక్రానికి సమంగా వచ్చింది. ఇంజను మూలుగు వినబడుతోంది. ఒక్కసారి తొక్కితే చాలు, పోతాడు. కమిటీ నిబంధనల్లో తాడు సంగతి లేదు. అతను ఏం చేస్తాడో నాకు నిజంగా తెలియదు.

చెరువు కట్ట మీద రైతులు నిలబడి ఉన్నారు. తోట దగ్గరి రైతుల్లో ఒకడు కట్ట దారిన మోపెడ్ మీద ముందే వచ్చేసి చెప్పేశాడు. ఎవరూ కేకలు వెయ్యలేదు, ఈల వెయ్యలేదు. చేతులు కట్టుకుని ఏ జీపు ముందుందా అని చూస్తున్నారు. అంతమందీ వచ్చే ఏడు పత్తి ఎవరి మిల్లుకు తోలాలో తేల్చుకునేవాళ్లు. అతను కట్ట వైపు ఒకసారి చూశాడు. తరవాత వేగం తగ్గించి మా వెనక్కి వచ్చేశాడు.

గీత మేం ముందు దాటాం.

గీత దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో వాళ్ల నాన్న కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి. కొడుకు జీపు ఆగగానే కర్ర పట్టుకుని లేచి ముందు వైపు వచ్చాడు. బురద చూశాడు, బానెట్ మీద తాడు చూశాడు.

"ఎవరిదిరా తాడు?"

కొడుకు మా వైపు చూపించాడు. ముసలాయన నన్ను ఎగాదిగా చూసి మా నాన్న పేరు చెప్పి, ఆయన కూతురివా అన్నాడు. అవునన్నాను. ఆయన కొడుకుతో, "విప్పి ఇచ్చెయ్," అని మాత్రం చెప్పి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

అతను ముడి విప్పాడు. బురదలో బిగుసుకుపోయి చాలాసేపు పట్టింది. తాడు రెండు చేతులా పట్టుకుని మా దగ్గరకు వచ్చాడు. "పొలిమేర అయింది, తీసుకోండి," అన్నాడు. తమ్ముడు చెయ్యి చాపబోయాడు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"పోయినేడు మా వాడు తాడు అడిగితే నువ్వు వెయ్యలేదు," అన్నాను. "అప్పుడు నీ దగ్గర తాడు లేదేమో. ఇప్పుడుంది. ఉంచుకో."

"అట్టా అంటే ఎట్టా టీచరుగారూ? ఇచ్చేదాకా..."

మాట పూర్తి చెయ్యలేదు. ఇచ్చేదాకా ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు.

కప్పు మా వాడి షెడ్డులో పాత సైలెన్సర్ల పక్కన చాలాకాలం ఉంది. మిల్లు ఆసామి తాడు గుమస్తా చేత పంపాడు. తిప్పి పంపాను, బత్తాయిల్లాగే. అతనే ఒకసారి ఇంటికి వచ్చాడు. గుమ్మంలో నిలబెట్టే మాట్లాడాను. తమ్ముడి వైద్యానికి ఏదైనా ఇస్తానన్నాడు. వద్దన్నాను. క్షమించమన్నాడు. అది వాడిని అడగమన్నాను. తమ్ముడు, "మా అక్క ఎట్టా అంటే అట్టా," అన్నాడు. మరుసటి ఏడు పందెంలో అతను పేరు ఇవ్వలేదు. మా జీపు వెనకాలే పోవాల్సిన పందెం ఎవరు వేస్తారు? ఆ తరవాత ఇంకో రెండేళ్లకు పందెమే ఆగిపోయింది. విడిభాగాల వ్యాపారికి మరేదో పిచ్చి పట్టుకుంది.

పాస్టరుగారు ప్రసంగంలో చెప్పింది విన్నాక ఆయన్ని కలిసి సరిచేశాను. "అమ్మా, ఇన్నేళ్లయింది, ఇప్పటికైనా తాడు తీసుకోవచ్చుగదా," అన్నారు. "వేళ్లు తిరిగి వస్తే తీసుకుంటానండి," అన్నాను. ఆయన ప్రార్థన చేద్దామన్నారు. చేశాం.

మొన్న వేసవిలో పొదిలిలో ఒక పెళ్లికి వెళ్లి తమ్ముడూ నేనూ అదే పాత జీపులో తిరిగి వస్తున్నాం. వాడికి ఇప్పుడు అరవై దాటాయి, మెల్లగానే తోలుతాడు. రోడ్డు ఇప్పుడు నున్నగా, వెడల్పుగా వేశారు. అన్నీ మమ్మల్ని దాటి పోతున్నాయి, లారీలు, బస్సులు, ఆటోలు కూడా. ఒక పెద్ద తెల్ల కారు మాత్రం మా వెనకే వస్తోంది. ఎదర రోడ్డు ఖాళీ. హారను కొట్టదు, లైటు వెయ్యదు, దాటదు.

తమ్ముడు అద్దంలో చూసి, "అక్కా, మిల్లాయనే," అన్నాడు. "జుట్టు తెల్లబడింది. పక్కకి తీసి చెయ్యి ఊపనా? పోతాడు పాపం."

నేను కళ్లజోడు తుడుచుకుని వెనక్కి తిరిగి చూశాను. ఆయనే.

"ఇంకొంచెం మెల్లగా పోనివ్వు," అన్నాను.